పేనుబంక ఒంట్లో బతికే బ్యాక్టీరియాను స్లైడు మీదికి తేవడం ఎలా

సార్వా వరి కోసిన మాగాణిలో మినుము నాలుగాకులు వేసిందంటే గోదావరి డెల్టాలో పేనుబంకకు కరువుండదు. డిసెంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా దానిదే రాజ్యం. చేను దూరమైతే కాలవ గట్టు మీది జిల్లేడు చూడండి. లేత కొమ్మల చివర, మొగ్గల చుట్టూ పసుపు ఒళ్లు, నల్ల కాళ్లతో గుంపులు కట్టి ఉంటుంది. ఈ పురుగు కడుపులో బుక్నెరా అనే బ్యాక్టీరియా లక్షల సంఖ్యలో ఉంటుంది. కడుపులో అంటే పేగులో కాదు. బ్యాక్టీరియోసైట్లు అనే ప్రత్యేక కణాలున్నాయి, వాటి లోపల. మొక్కల రసంలో దొరకని అమైనో ఆమ్లాలను పురుగుకు అదే వండి పెడుతుంది. తల్లి నుంచి పిల్లకు కడుపులోనే అందుతుంది తప్ప బయట బతకదు, పెట్రి ప్లేటులో పెరగదు. కాబట్టి దాని కణ నిర్మాణం చూడాలంటే పురుగును విప్పాల్సిందే.

ఇక్కడ చెప్పే పద్ధతి డిగ్రీ కాలేజీ ల్యాబ్‌కు సరిపోతుంది. 10, 40, 100 లెన్సులున్న కాంపౌండ్ మైక్రోస్కోపు, ఒక డిసెక్షన్ మైక్రోస్కోపు, మొన సన్నగా ఉన్న ఫోర్సెప్స్ రెండు, కీటకాల సూదులు, ఫ్రిజ్ ఉండాలి. సెంట్రిఫ్యూజ్ ఉంటే మంచిది, లేకపోయినా సగం పని జరుగుతుంది.

ఆ కణంలో ఏముంది, ఏం పోయింది

ఇది ముందే తెలియాలి. తర్వాత చేసే ప్రతి పనికీ కారణం ఇక్కడే ఉంది.

బుక్నెరా గుండ్రంగా ఉంటుంది, అడ్డుకొలత 2 నుంచి 5 మైక్రాన్లు. దాని చుట్టరికం ఉన్న ఈ.కోలై మాత్రం కడ్డీ ఆకారం. ఈ.కోలై జీనోమ్‌లో 46 లక్షల బేస్ జతలుంటే, 2000లో పూర్తిగా చదివిన బఠాణీ పేనుబంక బుక్నెరాలో ఉన్నవి 6.4 లక్షలే. కానీ ఆ చిన్న జీనోమ్‌కు ఒక్కో కణంలో పదుల నుంచి వందకు పైగా నకళ్లుంటాయి. డీఎన్‌ఏకు అంటుకునే రంగులు దీనికి అంత బాగా పట్టడానికి కారణం అదే.

కణం చుట్టూ లోపలి పొర, బయటి పొర రెండూ ఉన్నాయి, అంటే గ్రామ్ నెగెటివ్ తరహా. వాటి మీద మూడో పొర ఒకటుంది, అది పురుగుది. అయితే బయటి పొరలో ఉండాల్సిన లిపోపాలీశాకరైడ్‌ను తయారుచేసే జన్యువులు పోయాయి. పొరకు కావలసిన ఫాస్ఫోలిపిడ్లను సొంతంగా చేసుకునే జన్యువులు కూడా పోయాయి. పురుగు కణం లోపల ద్రవాల గాఢత పెద్దగా మారదు గనక గట్టి గోడతో దానికి పని పడలేదు. మనకు తలనొప్పి అక్కడే మొదలవుతుంది. మామూలు నీటి బొట్టులో పడితే ఈ కణాలు ఉబ్బి పగిలిపోతాయి. 'ఏమీ కనపడలేదండీ' అంటూ పక్కన పెట్టే స్లైడ్లు చాలావరకు నీళ్లలో తీసినవే.

ఇంకో సంగతి. బుక్నెరా ఈదదు, దానికి కశాభం లేదు. అయినా కశాభాన్ని బిగించే అడుగు భాగాలు మాత్రం పైపొర నిండా వందల్లో మిగిలే ఉన్నాయి. ప్రొటీన్లను బయటికి పంపే గొట్టాలుగా వాటిని వాడుకుంటోందని పరిశోధకుల ఊహ. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రంలో పొర మీద చిన్న చిన్న బుడిపెల్లా కనిపించేవి అవే, మురికి అనుకోకండి.

కాలేజీ మైక్రోస్కోపులో ఆయిల్ లెన్స్ వేసినా పావు మైక్రానుకు లోపలి వివరం తెలియదు. పొర మందం 7, 8 నానోమీటర్లు. అంటే ఆకారం, కొలత, విభజన, రంగు పట్టే తీరు, కణంలో అది ఉన్న చోటు మన ల్యాబ్‌లో చూడొచ్చు. పొరలు లెక్కపెట్టడం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పని. రికార్డు పుస్తకంలో కాంతి మైక్రోస్కోపు బొమ్మ గీసి దానికి మూడు పొరలు దిద్దితే అది చూసి గీసింది కాదు.

పురుగును ఏరడం

మినుము, పెసర, బొబ్బర్ల మీద ఉండేది నల్లది. పెద్దవి నిగనిగలాడతాయి, పిల్లలు మసక రంగులో ఉంటాయి. చీమలు బారులు తీరిన కొమ్మ దగ్గరికి వెళ్తే వెతుక్కోనక్కర్లేదు. రెక్కలు లేని, అప్పుడే పెద్దదైన పురుగు గానీ నాలుగో దశ పిల్ల గానీ కావాలి. ముసలి పురుగులో బ్యాక్టీరియోసైట్లు తగ్గిపోతాయి, రెక్కలున్నదానిలో ఇంకా తక్కువ. ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, కదలకుండా ఆకుకు అంటుకున్నవాటిని ముట్టుకోకండి. వాటి లోపల పరాన్నజీవి కందిరీగ పిల్ల ఉంటుంది, స్లైడు మీద దాని కణజాలమే వస్తుంది.

జిల్లేడు మీదివి తీసేటప్పుడు కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. జిల్లేడు పాలు కంట్లో పడితే కనుగుడ్డు పైపొర వాచి చూపు మసకబారుతుంది. పాలు అంటిన వేళ్లతో మైక్రోస్కోపు ఐపీసు సర్దుకునే ప్రమాదం కూడా ఉంది, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పండి.

కొమ్మను పురుగులతో సహా కత్తిరించి, కాగితం పరిచిన డబ్బాలో వేసి నీడన తీసుకెళ్లాలి. ప్లాస్టిక్ కవరులో వేసి బండి మీద ఎండలో తిప్పితే పురుగు ఉడికిపోతుంది, లోపలి బ్యాక్టీరియా ఇంకా ముందే దెబ్బతింటుంది. బుక్నెరాకు వేడి పడదు. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. అప్పటికి బొద్దింక ఉంది, దాని సంగతి కింద ఉంది.

బఫర్

పని అంతా దీని మీదే నడుస్తుంది. 100 మిల్లీలీటర్లకు లెక్క ఇది: సుక్రోజ్ 8.56 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.19 గ్రాము, ఆరు నీటి అణువులున్న మెగ్నీషియం క్లోరైడ్ 0.20 గ్రాము, ట్రిస్ బేస్ 0.42 గ్రాము. 80 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 7.5కు తెచ్చి, ఆ తర్వాత 100కు నింపాలి. ముందే 100 నింపి ఆపైన ఆమ్లం పోస్తే గాఢత తప్పుతుంది.

కిరాణా కొట్టు పంచదారతో కూడా పని నడుస్తుంది గానీ వడకట్టి తీరాలి, అందులో దుమ్ము ఉంటుంది. అసలు చిక్కు వేరే. చక్కెర నీళ్లు మన కోస్తా తేమలో రెండు రోజులకే బూజు పడతాయి, ఈస్టు పడుతుంది. ఆ ఈస్టు కణాన్నే సహజీవి (పురుగు ఒంట్లో దానితో కలిసి బతికేది) అనుకుని ఫొటోలు తీసుకుంటారు. చిన్న సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, వారం దాటితే పారబోయండి. పని మొదలుపెట్టే ముందు ఉత్త బఫర్ బొట్టును 40 లెన్స్ కింద చూడండి. అందులో ఏదన్నా కనిపిస్తే ఆ సీసా పనికిరాదు.

విప్పడం

పురుగును 5 నిమిషాలు ఐసు మీద ఉంచితే కదలదు. స్లైడు మీద చల్లటి బఫర్ బొట్టు వేసి పురుగును వెల్లకిలా అందులో పెట్టండి. ఒక ఫోర్సెప్స్‌తో రొమ్ము భాగం పట్టుకుని, రెండో దాంతో పొట్ట చివర, తోక పక్కన చర్మాన్ని పట్టి మెల్లగా లాగాలి. చర్మం చిరగగానే లోపలివన్నీ బొట్టులోకి జారతాయి. మొదట కనిపించేవి పిల్లలు: ఆడ పేనుబంక మగదానితో పని లేకుండా కడుపులోనే పిల్లల్ని మోస్తుంది గనక పిండాలు వరసగా బయటికొస్తాయి, పెద్దవాటికి ఎర్రటి కళ్లు కూడా ఉంటాయి. వాటిని సూదితో పక్కకు నెట్టండి. ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉన్న పేగు తెగకుండా చూసుకోవాలి. తెగితే పేగులోని బ్యాక్టీరియా బొట్టంతా కలుస్తుంది, ఇక ఆ స్లైడు మీద ఏం కనిపించినా నమ్మడానికి లేదు. కొత్తది మొదలుపెట్టండి.

బ్యాక్టీరియోసైట్లు ఇప్పుడు విడివిడిగానో రెండు మూడు అంటుకునో తేలుతుంటాయి. ఒక్కోటి 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది, డిసెక్షన్ మైక్రోస్కోపులోనే తెలుస్తుంది. గుండ్రంగా, మసక బూడిద రంగులో, లోపలంతా సన్నటి రవ్వ పోసినట్టుంటుంది. పక్కనే కొవ్వు కణాలు కూడా ఉంటాయి. వాటిలో నూనె బిందువులు పెద్దవీ చిన్నవీ కలగలిసి మెరుస్తుంటాయి. మొదటిసారి చూసేవాళ్లు అందంగా మెరిసే కొవ్వు కణాన్నే ఎంచుకుంటారు. మనకు కావలసింది మెరవనిది.

సన్నటి మొన ఉన్న పిపెట్‌తో నాలుగైదు బ్యాక్టీరియోసైట్లను పీల్చి, ఇంకో స్లైడు మీద కొత్త బఫర్ బొట్టులోకి మార్చండి. ఇలా రెండు సార్లు మారిస్తే పేగు మురికి, రక్తద్రవం చాలావరకు వదులుతాయి. మార్చే కొద్దీ సగం కణాలు పిపెట్ గోడకు అంటుకుపోతాయి. పిపెట్‌ను ముందే బఫర్‌తో తడిపి పెట్టుకుంటే ఆ నష్టం తగ్గుతుంది.

ఇప్పుడు కవర్‌స్లిప్ వేసి, కండెన్సర్‌ను కాస్త కిందికి దించి, డయాఫ్రం సగం మూసి 40 లెన్స్‌తో చూడండి. రంగు వేయని కణం పూర్తి వెలుతురులో మాయమైపోతుంది. బ్యాక్టీరియోసైట్ దొరికాక కవర్‌స్లిప్ మీద సూది వెనక వైపుతో మెల్లగా నొక్కితే కణం పగిలి, ఒకే కొలతలో ఉన్న గుండ్రటి కణాలు గుంపుగా బయటికి కారతాయి. అవే బుక్నెరా. కొన్ని రెండేసి కణాలు అంటుకుని, నడుము దగ్గర నొక్కుకుపోయినట్టు ఉంటాయి. అది విభజన. ఆయిల్ లెన్స్‌కు మారే ముందు స్లైడు అంచుల్లో కారిన బఫర్‌ను తుడవండి. చక్కెర లెన్స్ మీద ఎండితే జిగురులా పడుతుంది, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన లెన్స్ కాగితంతో వెంటనే తీసెయ్యాలి. సెడార్ నూనె అంటితే దాని సంగతి జైలీన్‌తో, అదీ కొద్దిగా. అన్నట్టు, మన వైపు ల్యాబుల్లో లెన్సులకు బూజు పట్టడం మామూలే. అద్దం మీద చెట్టు కొమ్మల్లాంటి గీతలు కనిపిస్తే అవి స్లైడులోవి కావు. మైక్రోస్కోపు పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టండి.

చూసింది అదేనా?

మొదట కదలిక. బుక్నెరా కణాలు ఉన్నచోటే వణుకుతాయి, అది నీటి అణువుల తాకిడి. ఒక దిక్కుకు దూసుకుపోయేది ఏదన్నా ఉంటే అది పేగు నుంచో బఫర్ నుంచో వచ్చింది.

తర్వాత కొలత. ఐపీసు మైక్రోమీటర్‌ను స్టేజి మైక్రోమీటర్‌తో ప్రతి లెన్స్‌కూ విడిగా సరిచూసుకోవాలి. స్టేజి మైక్రోమీటర్ లేకపోతే మనిషి రక్తం పూసి ఆరబెట్టిన స్లైడులోని ఎర్ర కణాలు కొలబద్దగా పనికొస్తాయి, అవి దాదాపు 7.5 మైక్రాన్లు. బుక్నెరా వాటికన్నా చిన్నదిగా ఉండాలి. గుంపులో 30 కణాలు కొలిస్తే కొలతలు దగ్గర దగ్గరగా రావాలి. ఒకటి 1 మైక్రాను, ఇంకోటి 9 అయితే మీరు కొలుస్తున్నది కొవ్వు బిందువుల్ని. సుడాన్ 3 రంగు ఒక చుక్క అంచు నుంచి పంపితే అవి నారింజ రంగుకు తిరుగుతాయి, బుక్నెరా తిరగదు.

గుండ్రటివాటి మధ్య సన్నటి కడ్డీలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, పారేయనూ అక్కర్లేదు. పేనుబంకల్లో రెండో రకం సహజీవులు కూడా ఉంటాయి. వాటిలో హామిల్టొనెల్లా ఉన్న పురుగు కందిరీగకు అంత తేలిగ్గా లొంగదు. అయితే కడ్డీలు పేగువి కావని రుజువు కావాలి. అదే పురుగు పేగును విడిగా తీసి ఇంకో స్లైడు మీద చిదిమి పోల్చండి. కాలు తెంపి కారిన రక్తద్రవం బొట్టును కూడా చూడండి. పేగులోనే ఉండి బ్యాక్టీరియోసైట్‌లో లేకపోతే అది సహజీవి కాదు. ఆకారం చూసి పేరు పెట్టడం కన్నా ఎక్కడ దొరికిందో చూసి పెట్టడం నయం.

అన్నిటికన్నా తేలికైన పరీక్ష నీళ్లది. కవర్‌స్లిప్ ఒక అంచున డిస్టిల్డ్ వాటర్ చుక్క పెట్టి, ఎదుటి అంచు నుంచి వడపోత కాగితంతో బఫర్‌ను లాగేయండి. నీరు తగిలిన చోట బుక్నెరా కణాలు మొదట ఉబ్బి, అంచు మసకబారి, కాసేపటికి కనిపించకుండా పోతాయి. పేగు బ్యాక్టీరియా, ఈస్టు గట్టి గోడ ఉన్నవి గనక అలాగే నిలబడతాయి.

ఈ పరీక్షకు జోడీగా వరి మీది సుడిదోమ బాగుంటుంది. సార్వాలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దుబ్బు మొదట తట్టితే ట్రేలో పడుతుంది. రెక్కలు పొట్టిగా, పొట్ట లావుగా ఉన్న ఆడవి ఏరండి, మందు కొట్టిన చేను వద్దు. స్వర్ణ వేసిన చేను అయితే ఎక్కువ తిరగక్కర్లేదు. పొట్టను సెలైన్‌లో చిదిమితే కొవ్వు కణజాలంలోంచి పొడుగ్గా, 10 మైక్రాన్లకు అటూ ఇటూ ఉన్న కణాలు గుట్టలుగా వస్తాయి, కొన్నిటికి చివర మొగ్గ ఉంటుంది. సహజీవే గానీ బ్యాక్టీరియా కాదు, ఈస్టు లాంటి ఫంగస్. దానికి కేంద్రకం ఉంది, గట్టి గోడ ఉంది, నీళ్లు పోసినా చెక్కుచెదరదు. సుడిదోమలో బ్యాక్టీరియా ఫొటో అంటూ చూపించే బొమ్మల్లో పొడుగాటి మొగ్గ కణాలుంటే అవి ఇవే. సుడిదోమలో వొల్బాకియా లాంటి బ్యాక్టీరియా కూడా ఉండొచ్చు గానీ అవి ఇంతకన్నా చాలా చిన్నవి.

రంగు వేయడం

తొందరగా చూడాలంటే మిథిలీన్ బ్లూను 0.05 శాతం గాఢతలో అదే సుక్రోజ్ బఫర్‌లో కలిపి అంచు నుంచి పంపండి. నీళ్లలో కలిపిన రంగు పంపితే మళ్లీ పగిలే కథే. రెండు మూడు నిమిషాల్లో కణాలు నీలమవుతాయి. బ్యాక్టీరియోసైట్ కేంద్రకం పెద్దగా, మధ్యలో ముదురుగా ఉంటుంది, దాని చుట్టూ బుక్నెరా కిక్కిరిసి ఉంటుంది.

నిలవ ఉండే స్లైడు కావాలంటే ముందు కణాల్ని ఫిక్స్ చేయాలి, అంటే ఉన్న ఆకారంలోనే గట్టిపరచాలి. ఇక్కడ చాలామంది ట్రిస్ బఫర్‌లోనే ఫార్మలిన్ పోస్తారు. ట్రిస్‌లో ఉన్న అమైన్ ఫార్మాల్డిహైడ్‌ను పట్టేసుకుంటుంది, కణాలకు అందేది తగ్గిపోతుంది. పీహెచ్ 7.4 ఉన్న ఫాస్ఫేట్ బఫర్ 90 మిల్లీలీటర్లలో సుక్రోజ్ 8.5 గ్రాములు కరిగించి, దానికి బజారు ఫార్మలిన్ 10 మిల్లీలీటర్లు కలపండి. ఫ్యూమ్ హుడ్‌లో గానీ గాలి ఆడే కిటికీ పక్కన గానీ చేయాలి. ఇరవై ముప్ఫై పురుగుల నుంచి తీసిన బ్యాక్టీరియోసైట్లను చిన్న గొట్టంలో చేర్చి, పిపెట్‌తో పైకీ కిందికీ ఆడించి పగలగొట్టి, ఈ ద్రావణంలో 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. 3000 ఆర్‌పీఎంలో 10 నిమిషాలు తిప్పి, పైద్రవం తీసేసి, ఫాస్ఫేట్ బఫర్‌తో రెండు సార్లు కడగండి. ఫిక్స్ అయిన కణాలు అంత తేలిగ్గా పగలవు. చక్కెర పోయేదాకా కడగడం ముఖ్యం, లేకపోతే స్మియర్ పాకంలా ఎండి రంగు వేసేటప్పుడు పెచ్చులుగా లేచిపోతుంది.

గుడ్డు తెల్లసొన, గ్లిసరిన్ సమపాళ్లలో కలిపి వడకట్టిన జిగురును స్లైడుకు వేలితో పలచగా రుద్ది, దాని మీద ఒక చుక్క పూసి ఆరనివ్వండి. తర్వాత మిథనాల్‌లో 3 నిమిషాలు. గీమ్సాను పీహెచ్ 7.2 ఫాస్ఫేట్ బఫర్‌లో పదో వంతుకు పలచన చేసి 30 నిమిషాలు ఉంచి కడిగితే బుక్నెరా ఊదారంగు గుండ్రాలుగా వస్తుంది. గ్రామ్ పద్ధతి కావాలంటే క్రిస్టల్ వయొలెట్ 1 నిమిషం, అయొడిన్ 1 నిమిషం, ఆల్కహాలు 10 నుంచి 15 సెకన్లు, సాఫ్రనిన్ 1 నిమిషం. గులాబీ రంగు రావాలి. ఊదా వచ్చిందంటే స్మియర్ మందంగా ఉండి ఆల్కహాలు సరిగా దిగలేదని అర్థం. ఒకే స్లైడు రెండు చివర్లలో ఈ.కోలై, స్టఫైలోకోకస్ మచ్చలు పెట్టి కలిపి రంగు వేస్తే తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు అందుబాటులో ఉంటే డాపీ రంగు మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము చొప్పున 10 నిమిషాలు చాలు. ఇన్ని జీనోమ్ నకళ్లున్న కణం చీకట్లో నీలంగా ఎంత ప్రకాశంగా కనిపిస్తుందో చూస్తే, 6.4 లక్షల బేస్ జతలేనా అనిపిస్తుంది.

ఎండాకాలానికి బొద్దింక

ఇంటర్ జంతుశాస్త్రంలో బొద్దింక కొవ్వు దేహం, మైసిటోసైట్లు (బ్యాక్టీరియా ఉండే కణాలు) అని చదివినవే ఇక్కడ కళ్లతో చూడొచ్చు. ఇందులో ఉండేది బ్లాట్టాబాక్టీరియం, 1887లోనే బ్లోక్‌మన్ గుర్తించాడు. కాలేజీలో జంతు విచ్ఛేదనకు నిబంధనలుంటాయి గనక విభాగాధిపతి అనుమతి తీసుకుని మొదలుపెట్టండి.

బొద్దింకను క్లోరోఫాంతో చంపి, వీపు వైపు పలకలను అంచుల వెంట కత్తిరించి తీస్తే పేగు చుట్టూ తెల్లటి తమ్మెలు కనిపిస్తాయి. 0.9 శాతం సెలైన్‌లో, పేగుకు దూరంగా ఉన్న తమ్మెను బియ్యపు గింజంత తీసి, సూదులతో విడదీసి, కవర్‌స్లిప్ కింద నొక్కండి. తమ్మె అంచుల్లో కొవ్వు కణాలు, మధ్య గీతన వరసగా మైసిటోసైట్లు, వాటి పక్కన యూరేట్ కణాలు ఉంటాయి. బ్యాక్టీరియా కడ్డీ ఆకారంలో, 1 మైక్రాను వెడల్పున, కొన్ని మైక్రాన్ల పొడుగున ఉంటాయి. యూరిక్ ఆమ్లపు రవ్వలు అడ్డొస్తే స్మియర్‌ను పలచని లిథియం కార్బొనేట్ ద్రావణంతో ఒకసారి కడగండి, అవి కరుగుతాయి. ఆ రవ్వలు అక్కడ ఊరకే లేవు: బొద్దింక దాచుకున్న వ్యర్థ నత్రజనిని ఈ బ్యాక్టీరియా తిరిగి అమైనో ఆమ్లాలుగా మారుస్తుంది. బొద్దింక పొలుసు ధూళి కొందరికి ఉబ్బసం రేపుతుంది, మాస్కు వేసుకోండి.

బియ్యం డబ్బాలోని ముక్కుపురుగు కూడా పనికొస్తుంది, కాకపోతే పిల్ల పురుగు కావాలి. గింజలను నీళ్లలో వేసి తేలినవి చీల్చితే కాళ్లు లేని తెల్లటి పిల్ల దొరుకుతుంది. ముందు పేగు, మధ్య పేగు కలిసే చోట ఉన్న ముద్దే బ్యాక్టీరియా అవయవం. పెద్ద పురుగులో వెతికితే నిరాశే. పైచర్మం గట్టిపడే పని అయ్యాక పేగు దగ్గరి బ్యాక్టీరియాను పురుగే వదిలించుకుంటుంది.

బ్యాక్టీరియా లోపల బ్యాక్టీరియా

మందారం మీది పిండినల్లి, బొప్పాయి మీది పిండినల్లి ఈ రకం. కడుపు మధ్యలో ఒకే పెద్ద అండాకార అవయవం ఉంటుంది. దాని కణాల్లో ఉన్న ట్రెంబ్లేయా అనే బ్యాక్టీరియా లోపల ఇంకో రకం బ్యాక్టీరియా కాపురముంటుంది. పిండిని ఆల్కహాలులో తడిపిన కుంచెతో తుడిచేశాక విప్పాలి, ఆ పిండి మైనం, బఫర్ దానికి అంటదు. గీమ్సా వేస్తే ఆకారం లేని పెద్ద గుండ్రాల లోపల ముదురు చుక్కలు కనిపిస్తాయి. నిమ్మ జాతి పిండినల్లిలో లోపలి బ్యాక్టీరియా గోడను తయారుచేసేందుకు దాని జన్యువులు, పురుగు జన్యువులు కలిసి పనిచేస్తాయని 2019లో తేలింది.

బోదకాలు మోసే క్యూలెక్స్ దోమ అండాశయంలో వొల్బాకియా ఉంటుంది. దాన్ని మొదట 1924లో క్యూలెక్స్‌లోనే చూశారు. కానీ అది 1 మైక్రాను దగ్గరే ఉండడంతో గీమ్సా చుక్కలను చూసి వొల్బాకియా అని రాయడం సరి కాదు. పీసీఆర్ (డీఎన్‌ఏను పెంచి చూసే పరీక్ష) లేకుండా ఆ మాట అనకండి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు పంపేటప్పుడు

మన చేతిలో ఉండే పని మొదటి ఫిక్సింగే. అది చెడితే తర్వాత ఎవరూ బాగుచేయలేరు. 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో, పీహెచ్ 7.4 దగ్గర, 2.5 శాతం గ్లూటరాల్డిహైడ్ తాజాగా కలపండి. పురుగును మొత్తంగా వేస్తే చర్మం దాటి లోపలికి దిగదు. ఫిక్సేటివ్ బొట్టులోనే విప్పి, 1 మిల్లీమీటరుకు మించని ముక్కలను 4 డిగ్రీల సెల్సియస్‌లో రాత్రంతా ఉంచండి. బఫర్‌తో కడిగి, బఫర్‌లోనే ఐసు పెట్టెలో పంపాలి. డీప్ ఫ్రీజర్‌లో పెడితే మంచు స్ఫటికాలు పొరలను చీల్చేస్తాయి. అక్కడ 1 శాతం ఆస్మియం టెట్రాక్సైడ్ పెడతారు. దాని ఆవిరి కంటికి చాలా ప్రమాదం, కాలేజీ ల్యాబ్‌లో ఆ పని పెట్టుకోవద్దు. తర్వాత ఆల్కహాలు మెట్లు, రెజిన్, 60 నుంచి 70 నానోమీటర్ల కోతలు.

చిత్రం చేతికొచ్చాక మూడు పొరలను కణం చుట్టూ అన్ని వైపులా లెక్కపెట్టబోకండి. కోత ఏటవాలుగా పడ్డ చోట పొర మసక పట్టీలా ఉంటుంది, నిలువుగా తెగిన చోటే గీతలు విడిగా తెలుస్తాయి. పురుగు పొరకూ బ్యాక్టీరియాకూ మధ్య తెల్లటి వెడల్పు ఖాళీ కనిపిస్తే అది చాలావరకు ఫిక్సింగ్‌లో కణం కుంచించుకుపోయినది. మైటోకాండ్రియాను లోపలి మడతలతో గుర్తుపట్టొచ్చు, బుక్నెరాలో మడతలుండవు, రైబోసోముల నల్లటి చుక్కలు నిండుగా ఉంటాయి. ఉల్లి పొరల్లా చుట్టలు చుట్టుకున్న నల్లటి ముద్దలు కనిపిస్తే అవి పురుగు జీర్ణం చేసుకుంటున్న పాత బ్యాక్టీరియా. అవి ఎక్కువగా ఉంటే మీరు పంపింది ముసలి పురుగు, నాలుగో దశ పిల్లతో మళ్లీ పంపండి.